ఉతైకి వెళ్ళిన మైక్రోస్కోపులు

మా భిలాయి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే సీనియర్ మేడమ్ ఏది అడిగినా, "తీసుకెళ్ళమ్మా, నా ఒక్కదాందేటి?" అనేవారు. కొత్తగా చేరిన నాకు తన నోట్సు, స్లైడ్లు అన్నీ ఇచ్చారు.

తొంభైల మొదట్లో, మా పక్క ఊరు ఉతైలోని కాలేజీలో ఒక్క మైక్రోస్కోపూ లేదు. మేడమ్ మా ప్రిన్సిపాల్‌ని అడిగి, శనివారాలు మా ల్యాబులోవి రెండింటిని ఆటోలో తీసుకెళ్ళి అక్కడి పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించేవారు. ఆయన సరేనన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

కాలేజీ సామాను బయటికి పోతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. మీటింగులో ప్రిన్సిపాల్, "నేనెప్పుడు పర్మిషన్ ఇచ్చాను?" అన్నారు.

మేడమ్ నావైపు తిరిగారు. "నువ్వున్నావు కదమ్మా, చెప్పు."

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "నాకు గుర్తులేదండీ" అన్నాను.

ప్రిన్సిపాల్ ల్యాబు తాళాలు మేడమ్ దగ్గర్నుంచి తీసుకుని నాకిచ్చారు. ఉతై పిల్లలు ఆ ఏడాది కణాన్ని పుస్తకంలో బొమ్మగానే చూసి పరీక్ష రాశారు.