రోబో చేతిలో గుడ్డు

చల్లారిన చాయ్ మీద మీగడ కడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సాయంత్రం అదే తాగాల్సి వచ్చింది. ఇంట్లో వాళ్ళంతా నన్ను వదిలేసి, మనవరాలు శిరీష చేసిన రోబో చెయ్యి చుట్టూ చేరారు.

శిరీష కోదాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. రేపు కాలేజీలో ఆ చెయ్యి పచ్చి గుడ్డును పగలకుండా ఎత్తి గిన్నెలో పెట్టాలి. బరువుకి మోటారు లేపలేకపోతోందని, ప్లాస్టిక్ వేళ్ళ నిండా చిల్లులు పెట్టింది. తేలికైంది కానీ, పట్టు కుదురుతుందో లేదోనని శిరీష బెంగ. పచ్చి గుడ్డు పగిలితే ఇల్లంతా నీసు వాసనని మా ఆవిడ ఒప్పుకోలేదు. ఉడికిన గుడ్డుతోనే చూసుకోమంది.

"గీ వేళ్ళేంది బిడ్డా, ఎలుకలు కొరికినట్టున్నయ్?" అన్నాను.

"జర ఊకో తాతా! రేపు పచ్చిది పలిగితే నా ఇజ్జత్ పోతది."

"మీ నాయనమ్మ చేతిల పడితే స్టీలు గ్లాసే సొట్ట పోతది. గీ చెయ్యి నయమే."

మా ఆవిడ నా వైపు ఉరిమి చూసింది. రోబో చెయ్యి మెల్లగా వంగి, గుడ్డును పట్టి, గిన్నెలో దింపింది. చిన్న బీట కూడా పడలేదు. అయినా శిరీష మొహం వెలగలేదు.

"ఉడికింది గాబట్టి ఆగింది తాతా" అంది.

మా ఆవిడ పక్కనే ఉంది కనుక అప్పుడు చెప్పలేదు. శిరీషా, ఇది చదువుతావని ఇక్కడ రాస్తున్నాను: అంతకు ముందు అందరూ వైర్లు సరిచేస్తున్నప్పుడు ఉడికిన గుడ్డు నేను తినేశాను బిడ్డా. దాని చోట పెట్టింది పచ్చిదే. ఇక నిశ్చింతగా పడుకో.

మిగతావాళ్ళు, నేను చేసింది తప్పంటే కింద కామెంట్లలో రాయండి. మా ఆవిడకు మాత్రం చెప్పకండి.