పెరటి తోటకూర

ఎనభైల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. వ్యాగన్లు బాగుచేసే పని మావారిది. గనుల వ్యర్థాలు మోసిన వ్యాగన్ల అడుగున మిగిలిన మెత్తటి బూడిదరంగు మట్టిని గోనెల్లో తెచ్చి పెరడు ఎత్తు చేశారు. అందులో తోటకూర వేశాను. మా నాలుగేళ్ల పాప ఆ మట్టిలోనే ఆడుకునేది. ఏడాది తిరిగేసరికి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేది, మాటలు మరిచిపోసాగింది.

రక్తపరీక్ష చూసి, పెరటి మట్టి సంగతి మా నోట విని డాక్టరు, "ఒంట్లో సీసం చేరింది. ఆ మట్టీ, ఆ కూరా ముట్టుకోవద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి మొక్కలన్నీ పీకేస్తుంటే గోడ మీంచి పక్కింటి అప్పలమ్మ తొంగి చూసింది.

"పీకెస్తన్నావేటి వదినా? నిన్న నువ్విచ్చిన కూర మా బుడ్డోడు శానా ఇష్టంగా తిన్నాడు."

ఆ వరసలో ప్రతి ఇంటికీ కట్టలు పంచింది నేనే.

"పురుగు పట్టీసింది వదినా" అన్నాను.

మా పాపకు మాటలు తిరిగి రాలేదు. వాళ్ల పిల్లల సంగతి అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.