పాత ఫ్రిజ్జు, నేను, కఫీల్ రైఫిలు

నేను తుపాకీ పట్టుకున్నది బతుకులో ఒక్కసారే. ఆ ఒక్కసారికే పికప్ బండి కుంటిదయింది, నా భుజం వంకాయ రంగుకు తిరిగింది, ఇక పరువు సంగతి చెప్పక్కర్లేదు. చెప్తా, వినండి.

రాయచోటి నుంచి సౌదీ వచ్చి హాయిల్‌లో డ్రైవరుగా చేరిన కొత్త. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ నాసర్ ఒక రైఫిలు కొన్నాడు. సైన్యంలో వాడే రకం, లైసెన్సు ఉంది. సాయంత్రాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను తుడిచినట్టు తుడుస్తూ ఫోన్లో మాట్లాడేవాడు. ఓ రోజు ఆ మాటల్లో రెండు ముక్కలు నాకు తగిలాయి. "ఖదీమ్... రేపు ఎడారిలో ఖలాస్." అంటే పాత సరుకు రేపటితో సరి. వెంటనే "జదీద్" అన్నాడు. కొత్తది వస్తుందట. ఇంకేముంది, నా బదులు కొత్త డ్రైవర్ వస్తున్నాడని తేల్చుకున్నాను.

వంటింట్లో పనిచేసే భీమవరం లక్ష్మక్క దగ్గరికి పరిగెత్తాను. "అక్కా, ఈయన నన్ను లేపేసేట్టున్నాడు."

"ఊరుకో, మంచాయన," అంటూనే గరిటె ఆపింది. "అయినా నీకు ముక్కలు ఎక్కువ వెయ్యమన్నారు నిన్న."

"ఎందుకంట?"

"ఏమో మస్తానూ. బక్రీదు ముందు పొట్టేలుకి కూడా బాగానే పెడతారు కదా."

మర్నాడు పికప్ వెనక పాత ఫ్రిజ్జు ఎక్కించమన్నాడు. నన్ను చంపి కుక్కితే అందులో పడతానా లేదా అని దారంతా అద్దంలో చూస్తూనే నడిపాను. మోకాళ్ళు మడిస్తే పడతాను.

ఎడారిలో ఫ్రిజ్జును ఇసుకదిబ్బకు ఆనించి, రైఫిలు నా చేతికిచ్చాడు. "ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా. భుజానికి గట్టిగా అదుముకో. ఆ ఫ్రిజ్జే గురి, నువ్వే మొదలుపెట్టు."

ఓహో, నన్ను నేనే కాల్చుకున్నట్టు చూపడానికి రైఫిలు మీద నా వేలిముద్రలు కావాలన్నమాట. తలగుడ్డ విప్పి చేతికి చుట్టుకున్నాను. దాంతో పట్టు కుదర్లేదు. మొదటి తూటా ఆకాశానికి పోయింది. రైఫిలు గాడిద తన్నినట్టు తన్నింది. వెనక్కి పడుతూ భయంతో మళ్ళీ నొక్కేశాను. ఈసారి పికప్ టైరు ఉసూరుమంది.

అబూ నాసర్ మెల్లగా వచ్చి రైఫిలు తీసుకున్నాడు. "చేతికి ఆ గుడ్డ ఎందుకు?"

అంతా చెప్పేశాను. ఆయన ఇసుకలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఖలాస్ అన్నది ఫ్రిజ్జుని. కొత్త ఫ్రిజ్జు వస్తోంది. మాంసం ఎక్కువ వెయ్యమన్నది నువ్వు మరీ బక్కగా ఉన్నావని."

"నిజంగానా బాబా?"

"నిన్ను వదిలించుకోవాలంటే ఎగ్జిట్ వీసా కొట్టించి మీ ఊరికి పంపేస్తే చాలు. నీ మీద తూటా ఎందుకు దండగ?"

స్పేర్ టైరు బిగిస్తూ అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో తుపాకీ అనే వస్తువును ముట్టను. నీళ్ళ పైపు పట్టుకోవాల్సి వచ్చినా, ట్రిగ్గర్ ఉందేమో వెతికి చూసుకున్నాకే పట్టుకుంటాను.