చెవికి గంటు లేని గొర్రె

మా ఊళ్ళో రెండు వీధులున్నాయి. రెండూ వలస వచ్చినవే. తూర్పు వీధివాళ్ళ ముత్తాతలు ఇక్కడ భూమి చౌకగా దొరుకుతుందని విని, విత్తనాల మూటలూ నాగళ్ళూ బండ్లకెత్తుకుని వచ్చారు. పడమటి వీధివాళ్ళం మేము. పెద్ద కరువులో గొర్రెల్ని తోలుకుని కనుమ దిగి వచ్చినవాళ్ళం. రెండు గుంపులూ ఒకే ఏడు ఈ నేల తొక్కాయని మా అవ్వ చెప్పేది. ఏ వీధి బాగుపడిందీ అన్న వాదులాట అప్పుడు మొదలైంది, ఇంకా తెగలేదు.

చూసే కళ్ళకు తూర్పు వీధే బాగుపడినట్టు కనిపిస్తుంది. స్లాబు ఇళ్ళు, ఇనప గేట్లు, గేటు లోపల ట్రాక్టరు. మావి రేకుల ఇళ్ళు, దొడ్డి వాసన. కానీ వాళ్ళ బోర్లు ఎండిపోయాయి. మాకు జ్వరమొచ్చినా పెళ్ళొచ్చినా ఒక పొట్టేలును గిద్దలూరు సంతకు తోలితే ఆ పూట గడిచిపోతుంది. "మీకేంలే, నడిచే బ్యాంకు ఉండాది" అని వాళ్ళు ఎకసెక్కం చేస్తారు. "మీ భూమీ బ్యాంకే గదా, కాకుంటే పండుకున్నది, లేపినా లెయ్యదు" అని మేము అంటాం.

నేను చదివింది మూడో తరగతి. ఆ మూడు తరగతులూ చదివిన బడిలోనే ఇప్పుడు మధ్యాహ్నం వంట చేస్తాను. రెండు వీధుల పిల్లలూ నా చేతి అన్నమే తింటారు. పప్పు రెండోసారి ఎవరు అడుగుతున్నారో చూస్తే చాలు, ఏ ఇంట్లో పొద్దున పొయ్యి వెలగలేదో తెలిసిపోతుంది. అట్లా చూస్తే గేట్లున్న వీధికీ రేకుల వీధికీ నాకు పెద్ద తేడా కనపడలేదు.

పోయిన ఎండాకాలం ఇంటింటి సర్వే అని ఒక అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. ఒంగోలు దిక్కు పిల్ల. కుక్కలంటే భయం. బడికి సెలవులు కాబట్టి నేను తోడు తిరిగాను. రెండో రోజు మా ఇంటి మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగుతూ అడిగింది.

"పెద్దమ్మా, ఒక మాట అడగనా? మీ పడమటి వీధిలో అందరూ ఒక మనిషిని ఎక్కువ చెబుతున్నారేంటి? కార్డులు నలుగురివే చూపిస్తారు, నోటితో ఐదుగురం అంటారు. ఆ ఐదో మనిషి ఎవరంటే పలకరు."

"నోటితో చెప్పిందే రాసుకున్నావా?"

"ఇంట్లో తినేవాళ్ళెందరు అని అడుగుతుంది ఫోను. వాళ్ళు చెప్పిందే కొట్టాను. సంపాదనలో మీ వీధీ తూర్పు వీధీ సమానంగానే ఉన్నాయి. కానీ తలకింత అని పంచేసరికి మీకు తగ్గిపోతోంది. ఇంటికొక తల ఎక్కువైంది కదా. ఆ ఒక్క తల వల్లే మీరు బీదవాళ్ళుగా తేలుతున్నారు."

నేను నవ్వాను. నవ్వు అయిపోయాక చూసుకుంటే చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. మా ఐదో మనిషి బరువు ఎంతో బయటివాళ్ళు తూచి చెప్పడం అదే మొదలు.

ఆ అమ్మాయికి చెప్పాను, మా అవ్వ నాకు చెప్పినట్టే.

కనుమ దిగేటప్పుడు మా వాళ్ళ దగ్గర మిగిలింది కొన్ని గొర్రెలు, అప్పుడే పుట్టిన నాలుగు పిల్లలు. నడవలేని గొర్రెపిల్లల్ని చంకనెత్తుకున్నారు. మనుషుల్లో నడవలేనిది ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకతి. కాళ్ళు పగిలి కూలబడింది. ఆమెను ఎత్తుకోవాలంటే ఒకరు గొర్రెపిల్లను దించాలి. గొర్రెపిల్లను దించితే మంద మిగలదు, మంద మిగలకపోతే ఎవరూ మిగలరు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు. రేగుపొదల మధ్య ఒక బండ నీడన ఆమెను కూర్చోబెట్టి, పక్కన ముంతెడు నీళ్ళు పెట్టి, "తాగుతా ఉండు, వస్తాం" అని చెప్పి దిగిపోయారు. మూడో రోజు వెనక్కి పోయి చూస్తే ముంత ఉంది. నీళ్ళు అంచుదాకా అట్లానే ఉన్నాయి. పిల్ల లేదు. రక్తం మరక లేదు, గుడ్డపేలిక లేదు. ఎంత పిలిచినా పలకలేదు.

ఇప్పుడు మా వీధిలో ఉన్న గొర్రెలన్నీ ఆ నాలుగు పిల్లల సంతతే. అంటే మేము తిన్నదీ కట్టుకున్నదీ అంతా ఆమె నడవలేకపోబట్టి దక్కిందే. అందుకని ప్రతి ఇల్లూ ఆమెను ఇంటి మనిషిగా లెక్కేసుకుంటుంది. అన్నంలో ఒక గుప్పెడు ఆమెది. మందలో ఒక ఆడగొర్రె ఆమెది. మిగతావాటికి మాది అని తెలియడానికి చెవికి గంటు పెడతాం, దానికి పెట్టం. దాన్ని అమ్మం, కొయ్యం. ముసలిదై చనిపోతే దాని పిల్లకు గంటు పెట్టకుండా వదులుతాం.

ఆ అమ్మాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. "మరి మీరు నాకు నలుగురే అని చెప్పారు?"

చెప్పాను, నిజమే. మేము గంటు లేనిదానితో సహా మంద అమ్మి, తూర్పు వీధి అవతల బడి పక్కన స్లాబు ఇల్లు వేసుకున్నప్పుడు మా ఆయన అన్నాడు, "ఇంకా ఎన్నాళ్ళు వండుతావే లేని మనిషికి?" అని. నేనూ నా కొడుకూ కోడలూ ఆయనా, నలుగురమే. ఆ గుప్పెడు మానేశాను. మానేసిన మొదటి వారమంతా అన్నం ఎంత కొలిచి వండినా చాలేది కాదు. తరువాత అలవాటైంది.

మూడో రోజు మా చిన్నమ్మ ఇంటికి పోయాం. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. పాతికేళ్ళప్పుడు మొగుడు వదిలేసి పోయాడు, పిల్లల్లేరు. మంద కరిగిపోయి ఒక్క గొర్రె మిగిలింది, చెవికి గంటు లేనిది. ఒంటరి ఆడవాళ్ళకిచ్చే పింఛనే ఆమెకు ఆధారం. షుగరు మందులు అందులోనే రావాలి, బియ్యం మీదికి ఉప్పూ పప్పూ అందులోనే రావాలి.

"అవ్వా, ఇంట్లో ఎంతమంది?" అని అడిగింది అమ్మాయి.

"ఇద్దరం."

"రెండో మనిషి కార్డు చూపించు అవ్వా."

"దానికి కార్డేంది? దానికి చెప్పులే లేవు."

అమ్మాయి నా ముఖం చూసింది. "పెద్దమ్మా, వేరే ఇళ్ళకు నోటిమాట చాలు. పింఛను ఇంటికి మాత్రం ఫోను కార్డు అడుగుతుంది. ఇద్దరని కొడితే ఒంటరి అని రాదు. పింఛను ఆగిపోతుంది. ఒక్కరని కొట్టేస్తాను, అవ్వను వేలిముద్ర వెయ్యమనండి."

చిన్నమ్మ వేలు చీర కొంగులో దాచుకుంది. "వెయ్యను. ఒకసారి వదిలిపెట్టినారు దాన్ని. నేనొకసారి వదిలిపెట్టాల్నా?"

"చిన్నమ్మా, మందులకేం చేస్తావే? కాలి పుండు మళ్ళీ తిరగబెడితే?"

"కాలు పోతాది. పోనీ. నన్నొకడు వదిలేసి పోయినాడు గదే అమ్మీ, వాన్ని మీ ఇంట్లో ఎంతమంది అని ఎవరన్నా అడిగింటే నన్ను చెప్పింటాడా? చెప్పకపోతే ఎట్లుంటాదో నాకు తెలుసు."

రేపు మధ్యాహ్నంతో ఈ ఊరు పూర్తి చేయాలని, ఆ తరువాత తన చేతిలో ఏమీ ఉండదని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను గడప మీదే కూర్చుండిపోయాను. గొర్రె గుంజ దగ్గర పడుకుని నెమరేస్తోంది. లోపల రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. రెండో కంచం అడుగు అరిగి ఉంది, మొదటిదాని మాదిరే. అది చూశాక నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నాతో పంపించు దాన్ని. మా ఇంట్లో లెక్క చెప్పుకుంటా. అప్పుడు నువ్వు ఒక్కదానివంటే అబద్ధం గాదు."

చిన్నమ్మ కొంగులోంచి వేలు బయటికి తీసింది. "నీ మొగుడు?"

"నే చెప్పుకుంటాలే."

"పెట్టడం మానేసినదానివి నువ్వు. దానికి గుర్తుంటాది."

"ఉంటే తిట్టనీ."

చిన్నమ్మ లేచి ముంత కడిగి నీళ్ళు నింపింది, అంచుదాకా. గొర్రె పలుపు విప్పి నా ఎడమ చేతికిచ్చింది. ముంత కుడి చేతికిచ్చింది. గది మూల వైపు తిరిగి, "పోయి రా తల్లీ, అక్కడ ఫ్యాన్ ఉండాది" అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది.

"వెనక్కి చూడబాక," అంది నాతో. "ఆ పొద్దు వాళ్ళమ్మ వెనక్కి చూసుకుంటా చూసుకుంటా పోయినాదంట. ఆ చూపును నమ్మి కూసున్నాది పిల్ల. నువ్వు చూడబాక. ఊరికే నడువు."

మిట్టమధ్యాహ్నం. వీధిలో కాకి కూడా లేదు. మా ఇంటికి తూర్పు వీధి మీదుగా పోవాలి. నాలుగు అడుగులు వేస్తే గొర్రె ఆగిపోతుంది, తల వెనక్కి తిప్పి చూస్తుంది. ఆగి, చూసి, మళ్ళీ నడుస్తుంది. గొర్రెలతో పెరిగినదాన్ని, ఆ ఆగడం నాకు తెలుసు. పిల్ల వెనకబడితే తల్లి గొర్రె అట్లా ఆగుతుంది. దీనికి పిల్ల లేదు. ఆ ఏడు ఈననే లేదు.

నేను ముంత మీదే చూపు పెట్టి నడిచాను. నీళ్ళు తొణక్కుండా నడవడమే పనిగా పెట్టుకున్నాను.

తూర్పు వీధి మొదటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నాకు మామ వరస. కళ్ళకు ఆపరేషన్ అయి నెల అయింది. అప్పటినుంచీ దారిన పోయే చీమకు ఎన్ని కాళ్ళో కూడా చెబుతున్నాడు.

"ఏం కోడలా, నడిచే బ్యాంకును ఇల్లు మారుస్తాండావా?"

"అవును మామా. మీ పండుకున్న బ్యాంకు లేస్తే చెప్పు, దాన్నీ తోలుకుపోతా."

ఆయన నవ్వాడు. నేను దాటి రెండు అడుగులు వేశాను. వెనక నుంచి మళ్ళీ పిలిచాడు, ఈసారి నవ్వు లేదు గొంతులో.

"ఆ పిల్లెవరమ్మా? ఎండకు కాళ్ళు కాల్తాండాయి పాపం, ఎగిరెగిరి నడుస్తాండాది. ఎత్తుకోరాదా?"

నేను ఉన్నచోటే ఆగిపోయాను. మా వీధి కథ తూర్పు వీధిలో ఎవరికీ తెలియదు. మేము చెప్పం. ఆయనకు అసలే తెలియదు. మొదలు వెనక్కి తిరిగిపోదామనిపించింది, తరువాత ముంత వదిలేసి పరుగెత్తుదామనిపించింది. అప్పుడు చూసుకున్నాను నా చేతులు. ఒక దాంట్లో గొర్రె పలుపు, ఒక దాంట్లో నీళ్ళు. ఆ రోజు వాళ్ళ చేతులు ఎట్లా ఉన్నాయో ఇవీ అట్లానే ఉన్నాయి.

పలుపు వదిలేశాను. ఎడమ చెయ్యి వెనక్కి చాపి, చిన్నపిల్లను చంకకెత్తుకునేటప్పుడు ఎట్లా వంగుతామో అట్లా వంగి లేచాను. బరువేమీ లేదు. అబద్ధం చెప్పను, చేతికి ఏమీ తగల్లేదు. కానీ నా నడుము దానంతటది ఒక పక్కకు ఒరిగింది, నా కొడుకును ఎత్తుకు తిరిగిన రోజుల్లో ఒరిగినట్టే. చెవి పక్కన ఎండిన రేగాకు వాసన వచ్చింది.

గొర్రె పలుపు ఈడ్చుకుంటూ నా వెంటే వచ్చింది. మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు, వెనక్కి చూడలేదు.

"ఆ, అట్లా," అన్నాడు మామ అరుగు మీదినుంచి. "పసిబిడ్డను ఎవరన్నా నడిపిస్తారా?"

ఇంటికి వచ్చి ముంతకు మూతపెట్టి గది మూల ఉంచాను. ఆ పూట అయిదో కంచం పెట్టాను. మా ఆయన కంచాన్ని చూశాడు, బయట గొర్రెను చూశాడు, దాని చెవి చూశాడు. తన పీట కొంచెం పక్కకు జరుపుకుని చోటు వదిలాడు. ఆ రోజు నలుగురికి చాలినంతే వండాను, గుప్పెడు ఎక్కువ వెయ్యడం మరిచిపోయాను. అయిదు కంచాలకూ సరిపోయింది.

పొద్దున్నే సర్వే అమ్మాయిని చిన్నమ్మ ఇంటికి తీసుకుపోయాను. "ఎంతమంది అవ్వా?" అని అడిగింది.

చిన్నమ్మ గుంజ వైపు చూసింది. గుంజ ఖాళీగా ఉంది. "ఒక్కదాన్నే," అంది. నెలనెలా మూడు నాలుగు సార్లు తుడిచి వేస్తే గానీ పడని వేలు, ఆ రోజు పెట్టగానే పడింది.

"పింఛనుకు ఇబ్బంది లేదవ్వా," అని చెప్పి అమ్మాయి నా వైపు తిరిగింది. నేనడక్కుండానే ఫోనులో మా ఇంటి లెక్క తీసింది. "మీది మార్చమంటారా పెద్దమ్మా?"

"మార్చు. ఐదుగురం."

"అయితే మీరు కూడా బీదవాళ్ళ లెక్కలోకి పోయారు."

"పోతే పోనీలే."

చిన్నమ్మ ఇప్పుడు ఒక్కదానికే వండుకుంటుంది. సాయంత్రాలు బొరుగులు కొంగున కట్టుకుని మా ఇంటికి వస్తుంది. మూల వైపు చూసి, "బాగుండావా?" అని అడిగి, కాసేపు కూర్చుని పోతుంది. మందులు ఆపలేదు. పుండు మానింది.

ఆ పొద్దున వేలు వేయించి ఇంటికి తిరిగి వచ్చాక ముంత మూత తీశాను. అంచుదాకా ఉన్న నీళ్ళు నాలుగు వేళ్ళు దిగి ఉన్నాయి. ఎండాకాలం గదా, ఆవిరై ఉంటుందన్నాడు మా ఆయన. ఉండొచ్చు. ఆయన మాట కాదనలేదు. ముంత కడిగి మళ్ళీ నింపాను. ఇప్పటికీ రోజూ నింపుతున్నాను.