అక్షరం ముక్క రాని అమ్మకు

మా అమ్మ పోయిన ఏడాదికి, ఆమె గురించి ఓ చిన్న పుస్తకం వేసి తెలిసినవాళ్ళందరికీ పంచాలని అక్క నిర్ణయించింది. మా ఇంట్లో నిర్ణయాలు అక్కవి, రాత నాది. రచయితను నేనే మరి. ఇరవై రెండేళ్ళ కిందట ఒక కథల సంపుటి వేశాను. ఆ తర్వాత ఇంకేమీ వేయలేదు. అయినా కొత్తవాళ్ళెవరైనా పరిచయమైతే పేరు కంటే ముందు ఆ సంగతే చెబుతాను.

"రాయడం సరే. ముందు ఆ అంకితం సంగతి తేల్చు. అది దిద్దకుండా అమ్మ గురించి ఏం రాసినా నేను అచ్చు వేయనివ్వను," అంది అక్క ఫోన్లో.

"ఏ అంకితం?" అన్నాను.

"ఒరేయ్!" అంది అక్క. ఆ ఒక్క మాటతో నాకు గుర్తొచ్చేసింది. అసలు మరిచిపోతే కదా.

ఆ సంగతి తెలియాలంటే ముందు అమ్మ పని తెలియాలి. నాన్న పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకు తొమ్మిది. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఒక ప్రెస్సులో బైండింగ్ పనికి చేరి ముప్పై ఒక్క ఏళ్ళు చేసింది. పెద్ద కాగితానికి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది పేజీలు అచ్చయి వస్తాయి. దాన్ని ఫారం అంటారు. మూడు మడతలు పెడితే పదహారు పేజీలూ వరసలో పడతాయి. నున్నటి బద్దతో మడత మీద గట్టిగా ఒక్కసారి రుద్ది పక్కన పెట్టి, ఇంకొకటి అందుకోవాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పని. ప్రెస్సులో అమ్మను అందరూ ఫారాలక్క అనేవాళ్ళు.

మడిచేటప్పుడు అమ్మ కళ్ళు ఊరికే ఉండేవి కావు. కనబడ్డదల్లా చదివేది. భోజనాల వేళ పక్కన కూర్చునే ఆడవాళ్ళకు పైకి చదివి వినిపించేది కూడా. చిక్కేమిటంటే, విప్పి ఉన్న ఫారంలో ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది. నాలుగు పక్కన పదమూడు ఉంటుంది. పై వరస తలకిందులుగా ఉంటుంది. అందుకని హత్య చేసిందెవరో అమ్మకు ఇవాళ తెలిస్తే, చచ్చిందెవరో ఎల్లుండికి గానీ తెలిసేది కాదు. సాయంత్రం అక్కకు జడ వేస్తూ ఆ కథలే మాకు చెప్పేది. తను చూడని పేజీల దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగి, సొంతంగా అల్లేసేది. పెద్దయ్యాక నేను ఆ నవలల్లో రెండు మూడు తెచ్చుకుని చదివాను. అమ్మ అల్లినవే బాగున్నాయి.

నా సంపుటిలో ఒకే ఒక్క కథను ఎవరో ఒకాయన పత్రికలో మెచ్చుకున్నాడు. అది అమ్మ అల్లిందే. ఆయనకు కృతజ్ఞతలు చెబుతూ రెండు పేజీల ఉత్తరం రాశాను. అందులో అమ్మ ఊసే లేదు.

ఇక అంకితం. 'అమ్మకు' అని రాస్తే చప్పగా ఉంది. 'ఎనిమిదో తరగతి చదివిన అమ్మకు' అంటే ఉద్యోగ దరఖాస్తులా ఉంది. అప్పట్లో నేను గొప్పవాళ్ళనుకునే రచయితలందరికీ చదువురాని తల్లులే ఉన్నట్టు అనిపించేది. నేనేం తక్కువ తిన్నాను? 'అక్షరం ముక్క రాని మా అమ్మకు, ఆమె కొడుకు రాసిన ఈ అక్షరాలు' అని రాసి, రెండు రోజులు దాన్ని చూసుకుని మురిసిపోయాను. నాకు అక్షరాలు దిద్దించింది ఆ అమ్మే అన్నది ఆ రెండు రోజుల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు.

అమ్మ చూస్తుందన్న భయం మాత్రం ఉంది. అందుకే ఆవిడ ప్రెస్సులో కాకుండా ఊరికి ఆ చివరున్న ఇంకో ప్రెస్సులో వేయించాను. తెలివంటే నాదే. సరిగ్గా ఆ వారమే అక్కడ మడతలు పెట్టే మనిషికి జ్వరం వచ్చి, నా ఫారాలన్నీ బండిలో అమ్మ వాళ్ళ ప్రెస్సుకే వచ్చాయి. అంకితం మొదటి ఫారంలో మూడో పేజీ. ఐదు వందల కాపీలు. అన్నీ అమ్మే మడిచింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చేతులకు ఎండిన జిగురు గోటితో గీకి కడుక్కుంటూ, "నీ పుస్తకం ఇవాళ నేనే మడిచాన్రా. కాగితం మంచిది వేయించావు," అంది. చదివావా అని అడిగితే చదువు వచ్చని నేనే ఒప్పుకున్నట్టు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఇరవై ఒక్క ఏళ్ళు నడిచింది.

అవకాశం దొరకలేదని అనడానికీ లేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. అమ్మ పని మానేసిన నెలలోనే నాకు కూతురు పుట్టింది. నా భార్య ఆసుపత్రిలో నర్సు, నేను బడిలో పంతుల్ని. ఇద్దరం డ్యూటీలకు పోతే పిల్లను పెంచింది అమ్మే. జ్వరమొస్తే భుజాన వేసుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేది. బడి వదిలేవేళకు గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడేది. నేను చెప్పేది ఆ బడిలోనే. అయినా పిల్ల నాతో వచ్చేది కాదు. దారంతా పాఠం చెబుతానట.

అమ్ముడుపోని కాపీలు మూడు వందల పైచిలుకు మంచం కింద కట్టలు కట్టి ఉండేవి. అమ్మ అందులోంచి ఒకటి లాగి, మనవరాలికి చదవడం నేర్పింది. పిల్ల చింపేస్తే ఇంకోటి లాగేది. "ఎన్ని చింపినా తరగని పుస్తకం ఇదొక్కటే," అనేది. నా కథల్ని అక్షరం వదలకుండా చదివింది లోకంలో నా కూతురొక్కతే. అదీ కూడబలుక్కుంటూ.

అక్క షరతు పెట్టాక వారం రోజులు కాగితాల ముందు కూర్చున్నాను. 'అమ్మ పెద్దగా చదువుకోకపోయినా' అని మొదలుపెట్టి కొట్టేశాను. 'లోకాన్నే చదివిన అమ్మ' అని రాస్తే నాకే ఒళ్ళు మండింది. 'ఒక పొరపాటు దొర్లింది' అని రాశాను. తనంతట తాను దొర్లడానికి అదేమన్నా గుండ్రాయా? నేను పనిగట్టుకుని రాసింది.

పదిహేడేళ్ళ నా కూతురు కుర్చీ వెనక నిలబడి చూస్తోంది. "ఏ పొరపాటు నాన్నా?" అంది. డొంకతిరుగుడుగా ఏదో చెప్పాను.

"ఓ, మూడో పేజీ సంగతా?" అని నవ్వింది. "నేను ఐదేళ్ళప్పుడే చదివాగా. నీకు చదువు రాకపోతే నాకెలా నేర్పుతున్నావు నానమ్మా అని అడిగాను కూడా."

కుర్చీ తన వైపు తిప్పాను. "ఏమంది?"

"మీ నాన్న కథలు రాస్తాడు కదే, అది మొదటి కథ అంది."

నవ్వాను. ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగినట్టనిపించింది. అమ్మ దాన్ని నవ్వులాటగా తీసుకుంది, ఇక నాకేం భయం లేదు అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది. పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.

"అన్నిట్లోకీ అదే బాగా రాశాడు, అందరూ నమ్మేశారు అంది. ప్రెస్సులో ఎవరో ఆ పేజీ చదివి చెబితే పక్కన కూర్చునే ఆవిడ కూడా నమ్మేసి అడిగిందట. మాకు చదివి వినిపించినవన్నీ నీ కల్పనలేనా ఫారాలక్కా, ఇన్నాళ్ళూ చదివినట్టు నటించావా అని. ఆ తర్వాత భోజనాల దగ్గర చదవడం మానేశానంది."

"నవ్వుతూనే చెప్పిందా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "మొదటి మాట నవ్వుతూ చెప్పింది. ఇది చెప్పేటప్పుడు నవ్వలేదు నాన్నా."

తను వెళ్ళిపోయాక కాగితం తీసుకుని ఏకబిగిన రాశాను. మా అమ్మకు చదువు వచ్చని, అది తెలిసే గొప్ప కోసం నేను అబద్ధం రాశానని, ఆ అబద్ధాన్ని ఆమె చేతే ఐదు వందలసార్లు మడిపించానని, దానివల్ల తోటివాళ్ళలో ఆమె తల దించుకుందని రాశాను. ఒక్క ఉపమానం కూడా వేయలేదు. అక్కకు ఫోన్ చేసి మొత్తం చదివాను.

అక్క ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

"బాగా రాశావు," అంది చివరికి. "అమ్మ ఉండగా రాయాల్సిందిరా. చదువుకునేది."