మేనత్త చేసిన బుడగకుక్క

మొన్న ఆదివారం పొద్దున ఆదోని నుంచి మొదటి బస్సుకు మా మేనత్త కొడుకు, మా బావ వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, "అమ్మ పోయింది, బయల్దేరు" అన్నాడు. నేను మగ్గం గుంటలోంచి లేచాను. ఏం చేయాలో తోచక నూలు కండెలన్నీ బుట్టలో సర్దాను, మళ్ళీ తీసి బయట పెట్టాను.

నాకు కుదురు లేదని మా మేనత్త ఎప్పుడూ అనేది. నిజమే. కూర్చోమంటే కూర్చుంటాను, కూర్చోగానే లేస్తాను.

ఆమె మా ఎమ్మిగనూరులోనే నేతింట్లో పుట్టి ఆదోనికి కోడలుగా పోయింది. ఉరుసుల్లో పొడుగు రబ్బరు బుడగలను మెలిపెట్టి కుక్కలూ కుందేళ్ళూ చేసేవాళ్ళను మీరూ చూసి ఉంటారు. యాభై దాటాక అలాంటి ఒకతని ముందు మూడు రోజులు నిలబడి ఆ విద్య పట్టేసింది. అమ్మడానికి కాదు, ఊరికే, సరదాకు. వీధిలో ఆడవాళ్ళు "ఈ వయసులో ఇదేం పిచ్చక్కా!" అని నవ్వితే, "నా గాలి నేను ఊదుకుంటాండా, మీదేం పోయె?" అనేది.

నాకు నేర్పడానికి కూర్చున్న రోజు వరసగా ఆరు పగిలాయి. తెగిన పోగులు మెలిపెట్టి అతికేటప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకోవడం మా నేతవాళ్ళ అలవాటు. మెలి అనగానే నా చెయ్యి దానంతట అదే పొయ్యి దగ్గరికి పోయేది. అత్త నా వేళ్ళు పట్టి చూసి పకపకా నవ్వింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! నేనూ మొదట ఇట్లే సేసినా. ఇది నూలు గాదే, బూడిద గరుకుకు రబ్బరు తట్టుకోదు. పో, సెయ్యి కడుక్కోని రా."

చెయ్యి కడుక్కున్నా తొందర పోలేదు. "తోక కాడ రవ్వంత ఖాళీ ఇడువు, గాలికి జరిగే సోటుండాల" అని చెప్పేది. నేను కొస దాకా ఊదేసేదాన్ని. మూడు కాళ్ళు వచ్చేవి, నాలుగోది తిప్పబోతే ఠప్! "నీకు బస్సు మింద ద్యాస, కుక్క మింద లేదు" అని విసుక్కునేది. నాలుగు కాళ్ళ మీద నిలబడే కుక్కను ఒక్కదాన్నైనా ఆమె చేతిలో పెట్టాలని నాకు మహా పట్టుదల. నెలనెలా పోయేదాన్ని, ప్రతిసారీ మధ్యలో లేచి వచ్చేసేదాన్ని. ఏ పనైనా నిదానంగా చేసుకోవచ్చని నాకు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

పోయిన గురువారమూ అంతే. "ఈ పూట ఉండు పాపా. నిదానంగా కూసుంటే రేపటికి వచ్చేస్తాది" అంది. ఆయాసపడుతోంది, నేను పట్టించుకోలేదు. "మగ్గం మింద చీర ఉందత్తా, శనివారానికి దించాల" అన్నాను. ఆమె ఎర్ర బుడగ ఒకటి తీసి, మూడు విడతలుగా ఊది, కుక్కను చేసి నా చేతిలో పెట్టింది.

"దీన్ని సూస్తా నేర్సుకో."

చీర శనివారానికి దిగింది. తగలెయ్య ఆ చీరను! ఒక్క రోజు ఉంటే నాదేం మునిగిపోయేది?

నిన్న ఆదోని నుంచి తిరిగొచ్చి తలుపు తీస్తే, గూట్లో కుక్క అలాగే ఉంది. చెవులు ముడతలు పడ్డాయి, ఒళ్ళు వడిలింది. నాలుగు కాళ్ళ మీదే నిలబడి ఉంది. మా ఇంటాయన "మెత్తబడిపాయ, పారెయ్" అని చెయ్యి చాపితే గట్టిగా అరిచాను. అందులో ఉన్నది మా అత్త ఊపిరి.

పొద్దుటి నుంచి దాని ఎదురుగానే కూర్చున్నాను. మగ్గం దగ్గరికి పోలేదు. ఇందాక వెనక కాలొకటి కొంచెం వంగింది. నేను లేవలేదు.