రాతిలో ఉన్న నీళ్ళు

2019 జనవరిలో వరంగల్ పక్క పల్లెలో, సమ్మయ్య మిర్చి చేనులో బోరు వేస్తున్నాను. బోరు బండి మీద నాది ఇరవై ఏళ్ళ అనుభవం. కబుర్లలో అంతకంటే ఎక్కువ. రాడ్డుకు రాడ్డు బిగించేలోగా రైతు దిగులు పడకుండా ఏదో ఒకటి చెప్పాలి కదా. ఒకసారి బోరులోంచి బతికున్న కొర్రమీను ఎగిరొచ్చి డ్రైవర్ జేబులో పడిందని చెప్పాను. అందరూ నవ్వి చాయ్ తాగారు తప్ప ఎవరికీ నష్టం జరగలేదు.

ఆ రోజు నాలుగు వందల అడుగులు దాటినా, కంప్రెసర్ గాలికి తెల్లటి రాతిపిండే పైకొస్తోంది. ఇంకో తడి అందకపోతే కాయ నిలవదు. సమ్మయ్య మొహం చూడలేక, ఆ వారమే రాతిముక్కల కోసం వచ్చిన కాలేజీ సారు చెప్పిన సంగతి అందుకున్నాను.

“సమ్మన్నా, ఈ గ్రానైట్ పుట్టిందే నీళ్ళతోనట. వేడికి ఆవిరయ్యే నీళ్ళసొంటి వాటిని వోలటైల్స్ అంటరట. అవి భూమి లోపటికి దిగితే ఆడున్న రాయి తక్కువ వేడికే కరుగుతదట. అట్ల కరిగి పైకొచ్చి గడ్డకట్టిందే ఇది. నీళ్ళు లేని శుక్రుని మీద చానామట్టుకు నల్లరాయేనట, ఇసొంటి రాయి అరుదట. ఇగో, ఈ మెరిసే అభ్రకంల ఇప్పటికీ నీళ్ళున్నయట.”

“ఇది గూడ నీ కొర్రమీను లెక్కనేనా?”

“సారు మీద ఒట్టు, నిజం.”

సమ్మయ్య ఇంటికి పోయాడు. గంటకు తిరిగొచ్చాడు. చూస్తే, గట్టు మీద ఎవరో కొత్త మనిషి అతని ఎడ్ల పలుపులు విప్పుతున్నాడు.

“ఎడ్లెటు పోతానయే?”

“అమ్మిన. రాయి నిండ నీళ్ళున్నయంటివి గద. ఫికర్ జెయ్యకు, ఆ పైసలతోని వెయ్యి అడుగులు దింపు.”

ఇన్నేళ్ళలో నా మాట ఎవరూ నమ్మలేదు. నమ్మిన ఒక్కడూ దున్నే ఎడ్లనే ఇచ్చేశాడు. బండి ఆపించి, బోరు పక్కనున్న పిండి దోసెడు తీసి అతని చేతిలో పోశాను.

“జర పిండు.”

“ఏంది?”

“ఈ పిండిని పిండన్నా. ఒక్క సుక్క రాదు. ఆ నీళ్ళు రాయిల కలిసిపోయినయి, ఎర్రగ కాలిస్తెగాని బయటికి రావు. మోటరుకు అందేటియి పగుళ్ళల్ల నీళ్ళు. ఈడ పగులే తగల్లె.”

సమ్మయ్య పిడికిలి బిగించి, తెరిచాడు. పిండి గాలికి పోయింది. బేరగాడు గొణుగుతున్నా వినకుండా వెళ్ళి పలుపులు లాక్కున్నాడు.

“ఇన్నేండ్లు అబద్ధాలు జెప్పినవ్, ఎవనికేం గాలె,” అన్నాడు. “ఒక్కనాడు నిజం జెప్పి నా కొట్టం ఖాళీ జేస్తుంటివి గద తమ్మీ.”

ఆ ఏడు చేను సగం ఎండింది. ఎడ్లు మిగిలాయి. నాకు తెలిసొచ్చింది ఒక్కటే: అబద్ధాన్ని ఎప్పుడూ చివరిదాకా చెప్పేవాణ్ణి. నిజాన్ని సగంలో ఆపాను.